ఫిర్యాదుదారు తవ్విన కాలువలు

ఆ ఏడు గెలవడానికి ఓడ్వార్ చేయవలసిన పని ఒక్కటే: ఏమీ చేయకుండా ఊరుకోవడం. డెబ్బై ఒక్కేళ్ళ మనిషికి అదేమంత కష్టమని ఎవరైనా అనుకుంటారు. ఆయన భార్య బోర్గిల్ అనుకోలేదు. నలభై ఆరేళ్ళ కాపురంలో ఆవిడ ఆయన్ని రకరకాల పనులు చేస్తుండగా చూసింది గాని, ఊరుకుని ఉండగా ఒక్క పూట చూసిన పాపాన పోలేదు.

ఓడ్వార్ ముప్పై ఎనిమిదేళ్ళు రోడ్ల శాఖలో పనిచేసి రిటైరయ్యాడు. పేరుకి రోడ్ల మనిషే గాని ఆయన బతుకంతా నీళ్ళతోనే గడిచింది. స్కార్డాల్ లోయలో వాన పడని రోజంటే పండగ. కొండ మీద పడ్డ ప్రతి చుక్కా కిందికి దిగి తీరాలి, దిగేటప్పుడు రోడ్డుని వెంటబెట్టుకు పోకూడదు. ఎక్కడ కాలువ తీయాలి, ఎక్కడ రోడ్డు కింద తూము వేయాలి, ఆ తూము ఎంత లావుండాలి, ఇవన్నీ ఆయనకి కొట్టిన పిండి. రిటైరయ్యాక కూడా కాలూ చెయ్యీ ఊరుకునేవి కావు. ఎవరింటికి భోజనానికి వెళ్ళినా వాళ్ళ చూరు కింద కాలువలో పేరుకున్న ఆకుల్ని బూటు ముక్కుతో నెట్టేసి గాని గుమ్మం ఎక్కేవాడు కాదు. ఫిబ్రవరిలో సొంత తమ్ముడు గుడ్మున్‌ని పూడ్చిపెట్టిన రోజున, అందరూ తలలు వంచుకుని ప్రార్థన పాట పాడుతుంటే, ఈయన మంచు కరిగిన నీళ్ళు గోతి వైపు పోకుండా మడమతో గాడి తీస్తూ నిలబడ్డాడు. చూసినవాళ్ళు పాపం దుఃఖంతో కాళ్ళు నిలవడం లేదనుకున్నారు.

దుఃఖం ఉందో లేదో ఆయనకే తెలియలేదు. అన్నదమ్ములు మాట్లాడుకుని అప్పటికి తొమ్మిదేళ్ళు. ఒక అక్టోబరు వరదలో గుడ్మున్ స్ట్రాబెర్రీ తోట, అడుగు లోతు మట్టితో సహా, ఏట్లోకి పోయింది. తోట పక్క రోడ్డు కింద తూము వేయించింది ఓడ్వారే. తెల్లారి గుడ్మున్ బురద బూట్లతో అన్న వంటింట్లోకి వచ్చి, "నీ తూము చాల్లేదన్నయ్యా," అన్నాడు. "నా తూముకేం? నీ తోటే పల్లంలో ఉంది," అన్నాడు ఓడ్వార్. అక్కడితో ఇద్దరికీ మాటలు ఆగిపోయాయి. అయిదు కిలోమీటర్ల దూరంలో ఉంటూ, ఒకే దుకాణంలో పాలు కొనుక్కుంటూ, ఒకరు కనబడితే ఇంకొకరు సబ్బుల వరస వైపు తప్పుకుంటూ తొమ్మిదేళ్ళు లాగించారు.

ఓడ్వార్ ఎవరికీ చెప్పని సంగతి ఒకటుంది. గొడవైన వారం లోపే ఆయన కాగితం ముందేసుకుని లెక్క మళ్ళీ కట్టాడు. కొండ వాలెంత, పడ్డ వానెంత, తూములో పట్టేదెంత. తను వేయించింది నలభై సెంటీమీటర్ల తూము. అరవై ఉండాల్సింది. మూడుసార్లు కట్టినా అరవయ్యే వచ్చింది. ఆ కాగితం పొయ్యిలో పడేశాడు. తప్పు తమ్ముడిదయితే ఎప్పుడో క్షమించేసి ఉండేవాడు. తప్పు తనదే కావడంతో క్షమించడం కుదరలేదు.

గుడ్మున్ పెళ్ళి చేసుకోలేదు. అతను పోయాక కొండ మీది స్ప్రూస్ చెట్ల అడవి అన్నకి వచ్చింది. అడవితో పాటు ఒక సైకిల్ బాట కూడా వచ్చింది.

ఊళ్ళో కొండ సైకిళ్ళు తొక్కేవాళ్ళ క్లబ్బు ఒకటుంది. పళ్ళ డాక్టరు సిన్నె దానికి పెద్ద. బ్యాంకులో పనిచేసే కెతిల్, ఇద్దరు టీచర్లు, ఒక నర్సు, అంతా అలాంటి నాజూకు చేతుల వాళ్ళే. శనివారాలు పారలూ గునపాలూ భుజాన వేసుకుని కొండెక్కి శ్రమదానం చేస్తారు. శ్రమదానానికి రానివాణ్ణి ఆ ఊళ్ళో ఎవరూ ఏమీ అనరు. ఏమీ అనరు గనకే వాడికి వీధిలో తలెత్తుకు తిరగడం కష్టమవుతుంది. వచ్చినవాళ్ళు గంట తవ్వి, రెండు గంటలు నిప్పు చుట్టూ కూర్చుని వాఫుళ్ళనే తియ్యటి అట్లు కాల్చుకు తింటారు. గుడ్మున్ బతికుండగా వీళ్ళకి నోటిమాటగా అనుమతి ఇచ్చాడు. పోయినేడు వేసవిలో వాళ్ళు కొండ కొస నుంచి రోడ్డు దాకా కిలోమీటరున్నర బాట వేసి, మొదట్లో ఒక చెక్క పలక కొట్టారు. దాని మీద 'గుడ్మున్ బాట' అని రాశారు.

ఆ పలక కంటబడ్డప్పుడల్లా ఓడ్వార్‌కి ఒళ్ళు మండేది. తొమ్మిదేళ్ళ గొడవలో చివరికి తమ్ముడి మాటే నెగ్గినట్టు, ఆ నెగ్గిన సంగతి చెక్క మీద రాసి తన అడవిలోనే పాతినట్టు అనిపించేది. బాట మూయించాలి. ఒక్కసారైనా తన మాట నెగ్గాలి. ఆయనకి కావలసింది అంతే. చచ్చిపోయినవాడితో పంతమేమిటని అడిగితే ఆయన దగ్గర జవాబు లేదు గనక, ఎవరూ అడగకుండా ముందే వేరే కారణం చూపించి మునిసిపాలిటీకి ఫిర్యాదు రాశాడు: సైకిల్ బాట వల్ల కొండ కోసుకుపోతోంది.

మునిసిపాలిటీలో అడవుల వ్యవహారం చూసే యోస్తైన్ జవాబిచ్చాడు. "అక్టోబరు వానల తర్వాత వచ్చి చూస్తాం. కొండ కోసుకుపోతుంటే బాట మూసేస్తాం. లేకపోతే మీ తమ్ముడు ఇచ్చిన అనుమతి చెల్లుతుంది."

ఓడ్వార్ ఆ ఉత్తరాన్ని రెండుసార్లు చదివి సంబరపడ్డాడు. క్లబ్బువాళ్ళ పనితనం ఆయనకి కొత్త కాదు. పోయినేడు వేసవిలోనే, రోడ్డు మీద వెళ్తూ, కొండ వాలున కారిన ఎర్రటి బురద చారలు చూశాడు. తమ్ముడి నేల తొక్కనని అప్పట్లో ఒట్టు పెట్టుకుని ఉండడం వల్ల మొహం పక్కకి తిప్పుకుని బండి నడిపాడు. మెడ నొప్పెట్టిందే గాని కొండెక్కలేదు.

"వాళ్ళలో నీళ్ళ సంగతి తెలిసినవాడు ఒక్కడు లేడు," అన్నాడు బోర్గిల్‌తో. "రెండు గట్టి వానలు పడితే బాట కాస్తా వాగవుతుంది. నేను వేలు కదపక్కర్లేదు."

"అదేనయ్యా నా భయం," అంది బోర్గిల్.

జూన్‌లో ఒక మంగళవారం, సాక్ష్యానికి ఫొటోలు తీస్తానని ఫోను జేబులో వేసుకుని కొండెక్కాడు. ఇప్పుడది తన అడవే, ఒట్టు గిట్టు ఏమీ లేవు. నాలుగు ఫొటోలు బ్రహ్మాండంగా వచ్చాయి. అన్నిట్లోనూ దారుణమైన పని. అయిదో చోట ఆగిపోయాడు. నీళ్ళు బాట దిగకుండా అక్కడ క్లబ్బువాళ్ళు ఒక దుంగ అడ్డంగా పాతారు. సరిగ్గా అడ్డంగా, గుమ్మానికి గడియ పెట్టినట్టు. దుంగ వెనక బురద పేరుకుంది. నీళ్ళు దాని మీంచి దూకి, దూకిన చోట గొయ్యి చేసుకుని, గట్టుని తింటున్నాయి. ఓడ్వార్ ఫోను పైకెత్తాడు. దించాడు. మళ్ళీ ఎత్తాడు. ఆ దుంగ అలా ఉండగా ఫొటో తీయడమంటే, కాలు విరిగిన గొర్రెని ఫొటో తీసి వదిలేసి పోవడమే.

మధ్యాహ్నం రెండింటికి వస్తానన్న మనిషి అయిదింటికి ఇల్లు చేరాడు.

"ఫొటోలు వచ్చాయా?" అంది బోర్గిల్, బురద బూట్ల వైపు చూస్తూ.

"నాలుగు వచ్చాయి."

"నాలుగు ఫొటోలకి ఇంత మట్టా? ఫొటో తీశావా, పాతిపెట్టొచ్చావా?"

"ఒక దుంగ ఫొటోకి అడ్డమొచ్చింది. కాస్త పక్కకి జరిపాను."

"ఎంత పక్కకి?"

ఓడ్వార్ బూట్ల లేసులు విప్పుతూ, "ముప్పై డిగ్రీలు," అన్నాడు.

మర్నాడు పొద్దున బోర్గిల్ షెడ్డులో ఉండే పొట్టి పార, గునపం తీసి కారు డిక్కీలో పెట్టి, పైన పాత దుప్పటి కప్పింది. గురువారం ఓడ్వార్ డిక్కీ తెరిచి చూసుకుని, తనే పెట్టుకుని మరిచిపోయానేమో అనుకున్నాడు.

ఆ తర్వాత వేసవంతా మంగళ, గురువారాలు ఫొటోలకని వెళ్ళేవాడు. ఆ రోజుల్లో క్లబ్బువాళ్ళు బ్యాంకులోనో బళ్ళోనో పళ్ళు పీకుతూనో ఉంటారు, కొండ మీద పురుగు కూడా ఉండదు. వెళ్ళినప్పుడల్లా, ఈ ఒక్కటీ సరిచేసి ఆపేద్దామనుకునేవాడు. పైదాన్ని సరిచేస్తే ఆ నీళ్ళన్నీ కిందదాని మీద పడతాయి, కాబట్టి కిందది కూడా చూడాలి. కిందది చూశాక మలుపు దగ్గర గట్టు ఊరుకోదు. ఆగస్టు ఆఖరికి లెక్క చూసుకుంటే ఇరవై మూడు కాలువలు తేలాయి. ఫోనులో ఫొటోలు మాత్రం ఆ నాలుగే.

అవతల క్లబ్బులో వేరే తమాషా నడుస్తోంది. ఒక శనివారం వాళ్ళు పారలు వేసుకుని వచ్చేసరికి చేయడానికి పని లేదు. మోకాలి లోతు బురద ఉండాల్సిన చోట నేల పొడిగా ఉంది. నీళ్ళు బుద్ధిగా పక్కకి తిరిగి నాచులోకి పోతున్నాయి. చేసింది కెతిల్ అనుకున్నారు టీచర్లు. టీచర్లనుకున్నాడు కెతిల్. ఎవరికి వారు తాము చేయలేదని ఒప్పుకోవడానికి మొహమాటపడి, మూడు గంటలు వాఫుళ్ళు తిని దిగిపోయారు. పోతూ పోతూ సిన్నె ఒక పాత టిఫిన్ డబ్బా చెట్టుకి కట్టి, లోపల చీటీ పెట్టింది: "ఎవరో గాని మీ చేతికి మొక్కాలి. మేం చేసే తప్పేంటో కాస్త చెప్పగలరా?"

చెప్పకపోతే ఓడ్వార్ ఓడ్వారే కాదు. దుకాణం రసీదు వెనక, రోడ్ల శాఖ ఫారాలు నింపే అచ్చు అక్షరాల్లో రాశాడు: "దుంగ అడ్డంగా కాదు, ఏటవాలుగా పెట్టాలి. నీళ్ళకి దారి చూపించాలి, గోడ కట్టకూడదు. ఇంత చదువుకుని ఏం లాభం?"

వచ్చే వారానికి ఇంకో చీటీ ఉంది. "ఏటవాలు అంటే ఎంత?"

"ముప్పై డిగ్రీలు. కోణమానిని బళ్ళో దొరుకుతుంది. మీలో టీచర్లున్నారుగా."

"కాలువ పొడవెంత ఉండాలి?"

"నీళ్ళు వెనక్కి రావాలనుకున్నా రాలేనంత."

చీటీలు ఇలా నడిచాయి. ప్రతి చీటీలో తిట్టుండేది. తిట్టు కింద ఒక బొమ్మ ఉండేది, కొలతలతో సహా. తను మూయించబోయే బాటని ఎలా బాగుచేయాలో, ఎవరి మీద ఫిర్యాదు పెట్టాడో వాళ్ళకే పాఠం చెబుతున్నానన్న ఆలోచన ఆయనకి అప్పుడప్పుడూ వచ్చేది. వచ్చినప్పుడు, మూసే బాటయినా సరిగ్గా ఉండగా మూస్తే తప్పేముందని సర్దిచెప్పుకునేవాడు.

సెప్టెంబరులో ఆయనకి పై దవడ పన్ను సలపడం మొదలెట్టింది. లోయ మొత్తానికి పళ్ళ డాక్టరు సిన్నె ఒక్కతే. నాలుగు రోజులు ఓర్చుకున్నాడు. అయిదో రోజు వెళ్ళి, తను ఫిర్యాదు పెట్టిన మనిషి ముందు నోరు తెరుచుకుని పడుకున్నాడు.

"కొంచెం చురుక్కుమంటుంది," అంటూ సూది పొడిచింది సిన్నె. "మీరు మా మీద ఫిర్యాదు పెట్టారని ఇంకో సూది వేయనులెండి. ఇది అందరికీ వేసేదే."

"ఆ," అన్నాడు ఓడ్వార్.

"బాట దగ్గర వింత జరుగుతోంది తెలుసా? ఎవరో వచ్చి కాలువలు తీసి పోతున్నారు. చేతిలో పనుంది ఆ మనిషికి. కాకపోతే చీటీల్లో తిట్లు చూస్తే పెద్దగా చదువుకున్నవాడిలా లేడు."

"ఆఁ!"

"నొప్పా? ఇంకొంచెం మందు పడాలి." రెండో సూది దిగింది. దవడతో పాటు నాలుక కూడా మొద్దుబారింది. సిన్నె మిషను ఆన్ చేసి, తీరుబడిగా చెప్పుకుపోయింది. "పెద్ద బండ కింద మలుపుంది చూశారూ, అక్కడ ఈ శనివారం మేమే సొంతంగా ఒక కాలువ తీద్దామనుకుంటున్నాం. పైవైపున."

"ఊఁ! ఊఁ ఊఁ!"

"కదలకండి, అయిపోవచ్చింది. పైవైపే కదా, నీళ్ళు వచ్చేది అటునుంచేగా?"

ఓడ్వార్ కుర్చీ చేతుల్ని పిసికేశాడు. పైవైపు తీస్తే మలుపులో గట్టు మొత్తం జారిపోతుందని లోకంలో ఎవరికైనా తెలుసు. ఆ సంగతి చెప్పడానికి నోరు తెరిచే ఉంది, మాటే రాదు. ఇంటికి వెళ్ళాక కూడా బుగ్గ ఒక పక్కకి వేలాడుతుండగా బోర్గిల్‌తో ఏదో చెప్పబోయాడు.

"పైవైపా? ఎవరు? ఏంటయ్యా, నిదానంగా చెప్పు," అంది ఆవిడ, ఆయన గడ్డం మీద కారుతున్నది తుడుస్తూ.

మర్నాడు శుక్రవారం. ఆయన రోజు కాదు, పైగా దవడ బూరెలా వాచింది. అయినా ఎక్కాడు. మలుపుకి కిందివైపున పలకరాళ్ళు ఏరి, ఒకదాని మీద ఒకటి ఒరిపించి, చెయ్యి పెడితే కదలనంత బిగువుగా కాలువ కట్టాడు. ముప్పై ఎనిమిదేళ్ళ ఉద్యోగంలో అంత మంచి పని ఆయన చేయలేదు. రోడ్ల శాఖలో ఎవరూ అంత తీరిక ఇవ్వలేదు మరి.

అక్టోబరులో వానలు మొదలయ్యాయి. పదకొండు రోజులు తెరిపివ్వకుండా కొట్టింది. ఓడ్వార్ కిటికీ దగ్గర నిలబడి కొండ వైపు చూస్తుండేవాడు. కాలువలు తెగిపోతే తను గెలుస్తాడు. నిలబడితే ఓడిపోతాడు. తొమ్మిదో రోజున వాన బాగా ముదిరినప్పుడు, నిలబడండర్రా, నిలబడండి అని లోపల్లోపల అనుకుంటున్నట్టు తెలుసుకుని తన మీద తనకే చిరాకేసింది.

పన్నెండో రోజు తుంపర పడుతుండగా యోస్తైన్ వచ్చాడు. తడవకుండా ప్లాస్టిక్ కవరులో పెట్టిన ఫారం చేత్తో పట్టుకున్నాడు. సిన్నె, కెతిల్, టీచర్లు పెనం, పిండి గిన్నె మోసుకుని వచ్చారు. తనిఖీ అయినా శ్రమదానమే, శ్రమదానమన్నాక వాఫుళ్ళు లేకపోతే ఎలా? బోర్గిల్ కూడా గొడుగేసుకుని బయల్దేరింది.

"నువ్వెందుకు?" అన్నాడు ఓడ్వార్.

"వాఫుళ్ళకి," అంది. "ఇంకేదైనా దొరికితే అదీ చూస్తాను."

కింది నుంచి పైకి నడిచారు. మొదటి కాలువ దగ్గర యోస్తైన్ వంగి చూసి తలాడించాడు. మూడో దాని దగ్గర ఈల వేశాడు. ఏడోదాని దగ్గర ఫారంలో కోత అన్న మాట కొట్టేశాడు. "పదకొండు రోజుల వానకి మా మునిసిపాలిటీ రోడ్డే రెండు చోట్ల తెగింది," అన్నాడు. "ఇక్కడ గులకరాయి కదల్లేదు. కోత ఎక్కడండీ, ఓడ్వార్? చూపించండి."

ఓడ్వార్ తన బూట్లు చూసుకున్నాడు.

"ఇంత పని ఎవరు చేశారు?" అని అడిగాడు యోస్తైన్.

"శ్రమదానంలో జరిగింది," అంది సిన్నె.

ఓడ్వార్ మింగాడు. ఇంకో పది కాలువల దాకా మింగుతూనే నడిచాడు. పెద్ద బండ కింద మలుపు వచ్చింది. యోస్తైన్ అక్కడ మోకాళ్ళ మీద కూర్చుని, పలకరాళ్ళ మీద అరచేత్తో రాసి, లేచి నిలబడ్డాడు.

"దీన్ని చూసి నేర్చుకోమని మావాళ్ళని పంపిస్తాను," అన్నాడు. "ఇది మీలో ఎవరి చెయ్యి?"

టీచర్లు కెతిల్ వైపు చూశారు. కెతిల్ మొహమాటపడి, "మా క్లబ్బులో ఒకరిదని చెప్పుకోం, తలా ఒక చెయ్యి వేస్తాం," అన్నాడు వినయంగా.

"నువ్వా?" అన్నాడు ఓడ్వార్. ఆ కేకకి చెట్టు మీంచి నీళ్ళు రాలాయి. "నువ్వు చెయ్యి వేశావా? పారని ఏ వైపు పట్టుకోవాలో తెలుసా నీకు? వేళ్ళు చూపించు, ఒక్క కాయ కాసిందేమో చూద్దాం! ఇది నాది. కిందవి కూడా నావే. ఇరవై నాలుగూ నావే!"

కెతిల్ చేతులు జేబుల్లో దాచుకున్నాడు.

"అంటే," అన్నాడు యోస్తైన్ మెల్లిగా, "బాట కొండని పాడుచేస్తోందని ఫిర్యాదు పెట్టిందీ మీరే, పాడవకుండా బాగుచేసిందీ మీరే."

"ఫిర్యాదు అబద్ధం కాదు. ఆ కాలువలు పీకేసి చూడండి, ఎలా కోసుకుపోతుందో!"

"పీకేయమంటారా?"

ఓడ్వార్ పలకరాళ్ళ వైపు చూశాడు. నోట మాట రాలేదు, ఈసారి సూది లేకుండానే.

టీచర్లలో ఒకామె నవ్వాపుకోలేక అటు తిరిగింది. సిన్నె నవ్వలేదు. "నాకు జూన్‌లోనే తెలుసు," అంది. "పైవైపు కాలువ సంగతి నేను మీకొక్కరికే చెప్పాను, ఓడ్వార్. క్లబ్బులో ఎవరికీ చెప్పలేదు."

"ఎలా తెలుసు?"

"గుడ్మున్ చెప్పాడు. రెండేళ్ళ క్రితం, నేనొక్కదాన్నే అనుమతి అడగడానికి వెళ్ళినప్పుడు. అప్పటికే ఒంట్లో బాగుండేది కాదు. బాట వేసుకోండి, కానీ నీళ్ళ గురించి ఎవర్నీ అడగొద్దు, తెలిసినవాళ్ళని పిలవొద్దు, మీకు తోచినట్టు తవ్వండి, అన్నాడు. ఇదేం షరతని అడిగాను. తప్పుగా తవ్వితే మా అన్నయ్య చూడలేడు, వచ్చి తీరతాడు, పిలిస్తే మాత్రం చచ్చినా రాడు, అన్నాడు." సిన్నె పిండి గిన్నె చంక మార్చుకుంది. "తప్పుగా తవ్వడానికి మేం ప్రత్యేకంగా కష్టపడలేదు లెండి. మాకొచ్చిందే అంత."

"మరి ముందే ఎందుకు చెప్పలేదు?" అంది బోర్గిల్.

"చెబితే పిలిచినట్టేనని మాట తీసుకున్నాడు." సిన్నె బండ వైపు చెయ్యి చూపించింది. "పోయినేడు వేసవంతా శనివారాలు ఆయన్ని కెతిల్ జీపులో ఎక్కించుకొచ్చేవాడు. గుడ్మున్ ఫ్లాస్కు పెట్టుకుని ఈ బండ మీద కూర్చునేవాడు. అక్కణ్ణించి కింద రోడ్డు బాగా కనబడుతుంది. మీ కారు వెళ్ళినప్పుడల్లా, ఇదిగో ఇప్పుడు ఆపుతాడు చూడండి అని నాతో మెల్లిగా అనేవాడు. మొహం తిప్పేసుకున్నాడంటే చూశాడన్న మాటే, వచ్చే వారం వచ్చేస్తాడు, అనేవాడు."

ఓడ్వార్ బండ వైపు చూశాడు. నాచు పట్టిన మామూలు బండ, ఒక మనిషి కూర్చునేంత. నాలుగు నెలలుగా వారానికి రెండుసార్లు దాని పక్కనుంచే నడిచాడు. కింద రోడ్డు నిజంగానే బాగా కనబడుతోంది. ఆ రోడ్డు మీద మెడ పక్కకి విరుచుకుని తను బండి నడిపిన శనివారాలు ఎన్నని లెక్కపెట్టబోయి మానేశాడు. ఫిబ్రవరిలో రావలసిన దుఃఖం అప్పుడొచ్చింది.

"చాల్లేదు," అన్నాడు.

"ఏంటి?" అన్నాడు యోస్తైన్.

"తూము. వాడి తోట దగ్గర తూము. నలభై వేశాను. అరవై వేయాల్సింది. వాడన్నది నిజమే."

క్లబ్బువాళ్ళు మొహమొహాలు చూసుకున్నారు. తూమేంటో, తోటేంటో వాళ్ళెవరికీ తెలియదు. బోర్గిల్‌కి తెలుసు. ఆవిడ గొడుగు కాస్త కిందికి దించుకుని దాని వెనక నిలబడింది.

యోస్తైన్‌కి కూడా అర్థం కాలేదు గాని, ఆయన పద్ధతైన ఉద్యోగి. ఫారంలో 'భూయజమాని మాట' అనే గడి ఖాళీగా ఉంది, ఏదో ఒకటి రాయకుండా దాన్ని పై ఆఫీసుకి పంపడం కుదరదు. "ఇందులో రాయనా?" అని అడిగాడు.

"రాయి," అన్నాడు ఓడ్వార్.

తడికి పెన్ను పారలేదు. యోస్తైన్ దాన్ని విదిలించి, అరచేతిలో గీసి చూసి, మళ్ళీ కాగితం మీద పెట్టాడు. "ఎంతన్నారు?"

"అరవై. నేను వేసింది నలభై."

సగం రాశాక మళ్ళీ ఆగిపోయింది. కెతిల్ చొక్కా జేబులోంచి బ్యాంకు పెన్ను తీసిచ్చాడు. "క్షమించాలి," అన్నాడు యోస్తైన్, "మొదటినుంచి ఒక్కసారి చెప్పండి."

ఓడ్వార్ మొదటినుంచి చెప్పాడు. మూడోసారికి ఆయన గొంతు వణకలేదు.